జ్వరం వెనక కథ అడిగే డాక్టరు

"లంఖణం పరమౌషధం" అన్నారు మన పెద్దలు. మా చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ మిరియాల చారు, బార్లీ నీళ్ళు ఇచ్చి, నుదుట తడిగుడ్డ వేసి మూడు రోజులు పడుకోబెట్టేది. నాలుగోనాడు పథ్యం. ఈ రోజుల్లో అంత ఓపిక ఎవరికుంది? వీధి చివర మందుల షాపుంది. ఒళ్ళు వెచ్చబడిందంటే చాలు, నాలుగు రంగుల బిళ్ళలు పొట్లం కట్టించుకుని వచ్చేస్తాం. మా ఇంట్లోనూ అదే జరిగింది. దాని పర్యవసానమే ఈ వ్యాసం.

కొన్నేళ్ళ కిందట ఒక కార్తీకమాసంలో మా మేనత్త పుత్తూరు దగ్గరి పల్లె నుంచి అంబత్తూరుకు, మా ఇంటికి వచ్చింది. వచ్చిన మూడోనాటికి చలితో జ్వరం పట్టుకుంది. షాపు మందులు రెండు రోజులు వాడాం. తగ్గలేదు. దగ్గరున్న క్లినిక్కుకు తీసుకెళితే రక్తం పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. రోజుకు రెండు ఇంజెక్షన్లు పడ్డాయి. జ్వరం అట్లాగే ఉంది. మరోచోట ప్లేట్‌లెట్లు తగ్గాయి గనుక డెంగ్యూ కావచ్చునన్నారు. ఆ పరీక్షలో ఏమీ తేలలేదు. తొమ్మిదో రోజున అత్తకు ఆయాసం మొదలైంది. అంబులెన్సులో పెద్దాసుపత్రికి పరుగెత్తాం.

అక్కడి డాక్టర్లు ఊపిరితిత్తులూ కాలేయమూ చూసి, "ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ డాక్టరుని పిలుస్తాం" అన్నారు. అటువంటి డాక్టరు ఒకరుంటారని మాకు అంతవరకూ తెలియదు. సన్నగా, కాలేజీ పిల్లలా ఉన్న ఒక డాక్టరమ్మ వచ్చింది. రాగానే స్టెతస్కోపు పెట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అవ్వా, మీ ఊళ్ళో ఏం పని చేస్తారు? పొలం గట్ల మీద గడ్డి కోస్తారా? ఇంటి చుట్టూ పొదలున్నాయా? ఎలుకలు తిరుగుతాయా? ఆవులున్నాయా? నీళ్ళు ఎక్కడివి తాగుతారు? ఈ పదిహేను రోజుల్లో ఎక్కడెక్కడికి వెళ్ళారు?"

అత్త ఆయాసపడుతూనే జవాబులు చెప్పింది. అంబత్తూరు వచ్చే ముందు వారం రోజులూ ఆవుకోసం గట్టున గడ్డి కోసిందట. డాక్టరమ్మ మగవాళ్ళందరినీ బయటికి పంపి తెర లాగింది. అయిదు నిమిషాల తరువాత బయటికి వచ్చి, "దొరికింది" అంది.

అత్త నడుము దగ్గర, లంగా బొందు కింద, చుట్ట అంటించి కాల్చినట్టు ఒక నల్లటి పొక్కు. నొప్పి లేదు, దురద లేదు. "ఏదో పురుగు కుట్టిందనుకున్నానమ్మా. అదీ ఒక చెప్పుకునే విషయమేనా?" అంది అత్త తరువాత. అంతవరకూ చూసిన డాక్టర్లు అడగలేదు, అత్త చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు కూడా.

ఆ జబ్బు పేరు స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే, కంటికి కనబడీ కనబడని ఒక పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. వానాకాలం వెళ్ళి చలి మొదలయ్యే రోజుల్లో చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లోనూ, తమిళనాడులోనూ ఎక్కువగా కనిపిస్తుంది. టైఫాయిడ్‌కి ఇచ్చే ఇంజెక్షన్లు దీనిమీద పనిచేయవు. పనిచేసేది డాక్సీసైక్లిన్ అనే పాత, చవక మందు. అది మొదలుపెట్టిన రెండో రోజుకు జ్వరం దిగింది. వారానికి అత్త మంచం మీద కూర్చుని, ఆసుపత్రి ఇడ్లీకి వంకలు పెట్టడం మొదలుపెట్టింది. ఇక భయం లేదని అప్పుడు నమ్మకం కలిగింది మాకు.

ఆ డాక్టరమ్మ ఏం చదివి అలా అడగగలిగింది? ఆ కుతూహలంతో నేను తెలుసుకున్నవి మన సభ్యుల కుటుంబాలతో పంచుకోవాలనిపించింది. మెడిసిన్ చదువుతున్న పిల్లలు మనలో చాలామంది ఇళ్ళల్లో ఉన్నారు గదా!

తనదంటూ అవయవం లేని వైద్యం

గుండె డాక్టరుకి గుండె, కంటి డాక్టరుకి కన్ను ఉన్నాయి. అంటువ్యాధుల డాక్టరుకి తనదంటూ ఒక అవయవం లేదు. క్రిమి తల నుంచి కాలి దాకా ఎక్కడైనా చేరవచ్చు. మెదడుకి చేరిన క్షయ, గుండె కవాటం మీద కూర్చున్న బాక్టీరియా, మోకాలు మార్చాక అందులో పట్టిన చీము, కాన్సర్ మందులు తీసుకుంటున్నవారికి వచ్చిన జ్వరం, మూత్రపిండం మార్పిడి తరువాత వచ్చిన న్యుమోనియా, హెచ్‌ఐవి, మలేరియా అన్నీ ఈ డాక్టరు దగ్గరికే వస్తాయి. అందుకే ఆసుపత్రిలో ప్రతి వార్డు నుంచీ వారికి పిలుపు వస్తుంది.

పూర్వం ఈ వైద్యానికి మనిషి కన్నా చోటు ముఖ్యం. అంటురోగం వచ్చినవారిని ఊరికి దూరంగా ఉంచడమే పద్ధతి. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాతకాలంవారు 'కోరంటి దవాఖానా' అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట్లో పడి కోరంటి అయింది. మన చెన్నైలో తండయార్‌పేటలోని అంటువ్యాధుల ఆసుపత్రి అటువంటిదే. రోగిని వేరుచేసే ఆ చోటు నుంచి, రోగి ఎక్కడుంటే అక్కడికి వచ్చే డాక్టరు దాకా ప్రయాణం చాలా దూరమే జరిగింది.

ఎన్నేళ్ళ చదువు?

మన దేశంలో ఈ దారి ఇలా ఉంటుంది. నీట్ రాసి ఎం.బి.బి.ఎస్.లో చేరాలి. నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ. తరువాత పీజీ నీట్ రాసి ఎం.డి. జనరల్ మెడిసిన్ మూడేళ్ళు. అక్కడితో చాలామంది ఆగిపోతారు. ఇంకా ముందుకు వెళ్ళదలచినవారు సూపర్ స్పెషాలిటీ ప్రవేశపరీక్ష రాసి, ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్‌లో డి.ఎం. మూడేళ్ళు చదవాలి. మొత్తం కలిపితే పదకొండున్నర సంవత్సరాలు, అదీ ప్రతి పరీక్షా మొదటిసారే గట్టెక్కితే!

గుండె, నరాల శాఖల్లో డి.ఎం. ఎప్పటినుంచో ఉంది. అంటువ్యాధులకు ఇలా ప్రత్యేకమైన డి.ఎం. మాత్రం ఈ శతాబ్దంలో వచ్చినదే. ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ, మనకు దగ్గరలోని వేలూరు సి.ఎం.సి.లోనూ ఈ కోర్సు ఉంది. ఫెలోషిప్పుల ద్వారా ఈ శాఖలోకి వచ్చినవారూ ఉన్నారు. అమెరికాలో అయితే మూడేళ్ళ ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ తరువాత సాధారణంగా రెండేళ్ళ ఫెలోషిప్.

మూడేళ్ళూ ఏం నేర్పుతారంటే, సగం రోజు వార్డులో, సగం రోజు ప్రయోగశాలలో అనుకోండి. క్రిమిని సూక్ష్మదర్శినిలో గుర్తుపట్టడం, ఏ మందుకి లొంగుతుందో చూడడం, ఆసుపత్రిలో ఒక రోగి నుంచి మరొకరికి అంటకుండా ఆపడం, కొన్నిసార్లు మందు ఇవ్వకుండా ఉండడం కూడా. అన్నిటికన్నా ముందు నేర్పేది అడగడం. ఏ ఊరు, ఏ పని, ఏ నీళ్ళు, ఏ పశువు, ఏ ప్రయాణం? ఒంటిమీద గుడ్డ దాచిన చోటు కూడా వదలకుండా చూడడం. మా అత్తను కాపాడింది ఆ రెండే.

మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి ఇద్దరు

అంబత్తూరు స్టేషన్లో లోకల్ ఎక్కి మూర్‌మార్కెట్ దగ్గర దిగితే, ఆ చేరువలోనే మద్రాసు మెడికల్ కాలేజీ. 1835 నాటిది. డి.ఎం.లు, ఫెలోషిప్పులు లేని రోజుల్లోనే ఈ విద్యకు జీవితం ధారపోసిన ఇద్దరు అక్కడ చదివారు.

మొదటివారు మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. అదీ మద్రాసు తిరువల్లిక్కేణి హిందూ హైస్కూల్లో. మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడిగినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. ఆ కాలంలోనే ఆయన సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు బలితీసుకుంది. తనకూ అదే జబ్బు వస్తే డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. మామగారి సాయంతో అమెరికా వెళ్ళి హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చేశారు. కడుపు నింపుకోవడానికి రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తారు.

ఆయన మంచాల పక్కన నిలబడే వైద్యుడు కాలేదు, ప్రయోగశాల మనిషయ్యారు. కానీ ఆయన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో వచ్చినవి చూడండి. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే విధానం. ఇవాళ్టికీ బోదకాలు నివారణకు మన పల్లెల్లో పంచుతున్న డి.ఇ.సి. మందు. బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్, అంటే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. సోదరులను బలిగొన్న ఆ స్ప్రూకి తరువాతి కాలంలో వాడుకలోకి వచ్చిన చికిత్స ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. ఆరియోమైసిన్ లోకానికి వెల్లడైన 1948లోనే, ఆగస్టులో, ఆయన కన్నుమూశారు. మా అత్తకు ఇచ్చిన డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో తరువాత పుట్టినదే. ఆ బిళ్ళ చూసినప్పుడల్లా భీమవరం గుర్తొస్తుంది నాకు.

రెండోవారు డాక్టర్ సునీతి సాలమన్. మద్రాసులో స్థిరపడిన మరాఠీ కుటుంబపు ఆడబిడ్డ. ఏటా టీకాలు వేయడానికి ఇంటికి వచ్చే హెల్త్ ఆఫీసరును చూసి వైద్యం మీద మనసు పడిందట. విదేశాల్లో కొన్నాళ్ళు పనిచేసి 1973లో తిరిగివచ్చి, మైక్రోబయాలజీ చదివి, తాను చదివిన కాలేజీలోనే ఆచార్యులయ్యారు. ఎయిడ్స్ మన దేశంలో లేదని అందరూ ధీమాగా ఉన్న రోజుల్లో, "ఎవరైనా వెతికి చూశారా?" అని అడిగిన మనిషి ఆమె. పీజీ విద్యార్థిని సెల్లప్పన్ నిర్మలగారికి అదే పరిశోధనాంశంగా ఇచ్చారు.

నిర్మలగారు పడుపువృత్తిలో చిక్కుకున్న స్త్రీల దగ్గర రక్తనమూనాలు సేకరించి, దాచే చోటు లేక ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. 1986 ఫిబ్రవరిలో భార్యాభర్తలు వాటిని ఐస్ పెట్టెలో పెట్టుకుని రాత్రి రైలెక్కి కాట్పాడి వెళ్ళి, అక్కడినుంచి వేలూరు సి.ఎం.సి. చేరారు. మద్రాసు నుంచి కాట్పాడి దారి అంటే మన అంబత్తూరు మీదుగానే! ఆ రాత్రి ఆ రైలు కూత విన్నవాళ్ళు మన పేటలో ఎందరో ఉంటారు. పరీక్షలో ఆరు నమూనాలు పాజిటివ్ అని తేలింది. దేశంలో హెచ్‌ఐవి బయటపడడం అదే మొదలు.

తరువాత అసలు పరీక్ష మొదలైంది. ఆ రోగులను తాకడానికి డాక్టర్లే జంకిన కాలమది. సునీతిగారు 1993లో తండ్రి పేరిట వై.ఆర్.జి. కేర్ సంస్థ పెట్టి, రోగుల పక్కన కూర్చున్నారు. వ్యాధి ఉన్నవారికి వ్యాధి ఉన్నవారితోనే సంబంధాలు చూసి పెళ్ళిళ్ళు చేసేవారు కూడా. 2015లో కన్నుమూశారు. 2017లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

మన పక్కింటి సంస్థ

ఒక రోగిని చూసేవారు కొందరైతే, ఊరునంతటినీ ఒక రోగిలా చూసేవారు మరికొందరు. అటువంటివారి శిక్షణాలయం మన గడప పక్కనే ఉంది. అయపాక్కం హౌసింగ్ బోర్డు కాలనీలో ఐ.సి.ఎం.ఆర్. వారి జాతీయ ఎపిడమాలజీ సంస్థ. ఆవడిలోని కుష్ఠు పరిశోధన విభాగాన్నీ, మద్రాసులోని వైద్య గణాంకాల సంస్థనూ కలిపి 1999లో ఏర్పాటు చేశారు. 2001 నుంచి ఇక్కడ డాక్టర్లకు రోగాల వ్యాప్తి మీద క్షేత్రశిక్షణ ఇస్తున్నారు. ఎక్కడైనా కామెర్లో కలరావో చెలరేగితే ఇంటింటికీ తిరిగి, ఏ పైపు నీళ్ళు తాగారు, ఏ విందులో తిన్నారని అడిగి మూలం పట్టుకోవడం ఆ విద్య. చూశారా, ఇక్కడా పని అడగడమే!

కోవిడ్ కాలంలో దేశమంతటా జరిగిన రక్తపరీక్షల సర్వేలు ఈ సంస్థ ఆధ్వర్యంలోనే నడిచాయి. 2020 మే, జూన్ నెలల్లో పెద్దవారిలో నూటికి ఒక్కరికి కూడా, అంటే 0.73 శాతానికి మించి, వ్యాధి సోకిన గుర్తులు లేవు. 2021 జూన్, జూలై నాటికి జనంలో 67.6 శాతం మందిలో టీకా వల్లనో, వ్యాధి సోకడం వల్లనో రక్షకాలు కనిపించాయి. అయపాక్కం బస్సులో మన పక్క సీట్లో కూర్చున్నవారు ఆ లెక్కలు కట్టినవారేమో ఎవరికి తెలుసు?

చెట్‌పట్‌లోని క్షయ పరిశోధన సంస్థదీ గొప్ప కథే. క్షయరోగిని తాంబరం వంటి శానిటోరియంలో నెలల తరబడి ఉంచాలన్న నమ్మకాన్ని 1956లో మొదలైన మద్రాసు పరిశోధన మార్చేసింది. సరిగా మందులు వాడితే ఇంట్లో ఉన్నా అంతే బాగవుతుందనీ, ఇంట్లోవారికి అదనంగా ముప్పు లేదనీ 1959లో తేలింది. ప్రపంచమంతా ఆ దారి పట్టింది.

ఉద్యోగం, సంపాదన

ఇక తల్లిదండ్రులు అడిగే ప్రశ్న. "ఇంత చదివి, జ్వరాల డాక్టరు కావడమేమిటి?" స్టెంట్లు వేయరు, ఆపరేషన్లు చేయరు. అమెరికాలో కూడా మిగతా స్పెషలిస్టులతో పోలిస్తే వీరి రాబడి తక్కువేనని పేరు. ఇది దాచవలసిన సంగతి కాదు. కానీ పని కొరత మాత్రం లేదు. పెద్ద ఆసుపత్రులు, అవయవ మార్పిడి కేంద్రాలు, కాన్సర్ ఆసుపత్రులు, పరిశోధన సంస్థలు, ప్రజారోగ్య శాఖలు అన్నిటికీ వీరు కావాలి.

పరిశోధనకూ చోటుంది. వేలూరు సి.ఎం.సి. డాక్టర్ జార్జ్ వర్గీస్ బృందం మన దేశంలోని 7 కేంద్రాల్లో, తీవ్రమైన స్క్రబ్ టైఫస్ వచ్చిన సుమారు 800 మంది మీద పరిశోధన చేసింది. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్‌లలో ఒక్కటే ఇవ్వడం కన్నా రెండూ కలిపి ఇస్తే మొత్తం మీద మేలని 2023లో వెల్లడించింది. రెండూ పాత మందులే. కొత్తది ఆ ప్రశ్న ఒక్కటే.

మందులకు లొంగని క్రిముల పోరు ఒకటుంది. 2012లో మన ఊళ్ళోనే వైద్య సంఘాలు కూడి 'చెన్నై డిక్లరేషన్' అనే కార్యక్రమం రూపొందించాయి. కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్కులు చీటీ లేకుండా అమ్మరాదనీ, అమ్మకాలు పుస్తకంలో రాయాలనీ చెప్పే హెచ్ 1 నిబంధన 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. నిబంధన ఉంది సరే, చీటీ లేకుండా అడిగేది మనమే కదా! మా అత్తకు మొదటి రెండు రోజులూ బిళ్ళలు కొనిపెట్టింది నేనే.

మనం చేయగలిగింది

డాక్టరు అడగడం నేర్చుకోవడానికి పదకొండేళ్ళు పడుతుంది. మనం చెప్పడం నేర్చుకోవడానికి ఒక్క రోజు చాలు. జ్వరం ఏ రోజు మొదలైందో రాసిపెట్టండి. వాడిన ప్రతి బిళ్ళ అట్టనూ, షాపులో కొన్నదైనా సరే, దాచి చూపించండి. ఊరికి వెళ్ళామా, పొలంలో తిరిగామా, వాన నీళ్ళల్లో నడిచామా, అడగకపోయినా చెప్పండి. ఒంటిమీద ఏ పొక్కు ఉన్నా సిగ్గుపడకండి. ముఖ్యంగా ఇంట్లో పెద్ద ఆడవాళ్ళను అడిగి తెలుసుకోండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. డాక్టరు "యాంటీబయాటిక్ అక్కరలేదు" అంటే చిన్నబుచ్చుకోకండి. ఆ మాట చెప్పడానికి కూడా చదువు కావాలి.

మీ ఇంట్లో పిల్లో పిల్లవాడో "నేను అంటువ్యాధుల శాఖ తీసుకుంటాను" అంటే, కాస్త ఆలోచించి మరీ కాదనండి.

మా అత్త ఊరికి తిరిగి వెళ్ళేముందు ఆసుపత్రికి చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళాం. ఇంట్లో చేసిన వేరుశనగ ఉండలు డబ్బాలో పెట్టి పట్టుకొచ్చింది. డాక్టరమ్మ చేయి పట్టుకుని, "నువ్వు సూదిమందు వేసినందుకు కాదు తల్లీ, మా ఆవు సంగతి అడిగినావు చూడు, అందుకు" అంది.

డాక్టరమ్మ నవ్వి, మళ్ళీ అడిగింది. "ఆవు బాగుందా అవ్వా? ఈసారి గడ్డి కోసేటప్పుడు నిండుగా బట్ట కట్టుకోండి. ఇంటికి రాగానే స్నానం చేసి, ఆ బట్టలు ఉతికెయ్యండి."

అత్త ఇప్పటికీ ఆ మాట తప్పలేదు.